ఫైబర్ మోల్డు కోసం చెక్క ప్లగ్ తయారీ: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైబర్ పని చెడిపోతే అందరూ ముందు రెజిన్‌ను, అంటే గాజు నారను పట్టి ఉంచే జిగురు ద్రవాన్ని తిడతారు. ఆ తర్వాత దాన్ని గట్టిపరిచే హార్డనర్‌ను, చివరికి పని చేసిన కుర్రాణ్ణి. మన విశాఖలో చాలాసార్లు అసలు దోషం కింద ఉన్న చెక్కది, అందులో మిగిలిపోయిన తేమది. అందుకే ఈ పేజీలో రెజిన్ గురించి తక్కువ, చెక్క గురించి, దాని పైపూత గురించి ఎక్కువ ఉంటుంది. పడవ క్యాబిన్ తలుపు, ఐస్ పెట్టె మూత, బండి మడ్‌గార్డు, కాలేజీ ప్రాజెక్టు కారు బాడీ, ఏది చేయాలన్నా పద్ధతి ఒకటే.

ప్లగ్ అంటే ఏమిటి? మోల్డూ అదీ ఒకటి కాదా?

కాదు. మీకు కావలసిన వస్తువునే, అదే సైజులో, అదే ఆకారంలో చెక్కతో చేస్తే అది ప్లగ్. దాని మీద జెల్‌కోట్ (ముఖం నునుపుగా రావడానికి వేసే చిక్కటి రెజిన్ పూత), మ్యాట్ (గాజు నార షీటు), రెజిన్ వేసి, గట్టిపడ్డాక విడదీస్తే వచ్చే గుల్ల మోల్డు. ఆ గుల్లలో మళ్లీ మ్యాట్, రెజిన్ వేస్తే అసలు వస్తువు వస్తుంది. కొన్ని షెడ్లలో ప్లగ్‌ను ప్యాటర్న్ అంటారు, మోల్డును డై అంటారు. ఏ పేరైనా పర్వాలేదు.

గుర్తుంచుకోవలసిందల్లా ఇది: ప్లగ్ మీద గోటి గీత పడితే మోల్డులో అది సన్నటి గట్టు అవుతుంది, వస్తువు మీద మళ్లీ గీతగా తేలుతుంది. ఆ మోల్డులో 50 మూతలు తీస్తే 50 మూతల మీదా అదే గీత. ప్లగ్ దగ్గర అరగంటలో పోయే గీతను తర్వాత మూత మూతకీ పాలిష్ చేసుకుంటూ కూర్చోవాలి.

ప్లగ్ చేయకుండా, ఉన్న వస్తువు మీదే మోల్డు తీయకూడదా?

తీయొచ్చు. పాత మూత బాగుంటే దాన్నే సాపు చేసి, మైనం పట్టించి మోల్డు తీస్తారు. మీ సొంత డిజైన్ కావాలన్నా, సైజు మార్చాలన్నా చెక్క ప్లగ్ తప్పదు. ఇంకొకరు డబ్బు పెట్టి చేయించుకున్న డిజైన్‌ను మాత్రం ఇలా ఎత్తుకురాకండి.

ఏ చెక్క మంచిది? టేకు వాడితే గట్టిగా ఉంటుందిగా?

ఈ పనికి టేకు డబ్బు దండగ, పైగా తలనొప్పి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. దాని మీద పాలిస్టర్ రెజిన్ సరిగ్గా పట్టదు, కొన్ని చోట్ల జిగురుగానే ఉండిపోతుంది. చేవదేరిన ముదురు రంగు కర్రలు చాలావాటితో ఇదే గొడవ.

చదునుగా ఉండే భాగాలకు ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) లేదా ప్లైవుడ్ వాడండి. ఎండీఎఫ్‌కు నార దిశ లేదు కాబట్టి ఎటు కోసినా ఒకేలా కోసుకుంటుంది, సాపు బాగా వస్తుంది. దాని బలహీనత నీళ్లు. ఒక్క తడి చెయ్యి తగిలినా కోసిన అంచు ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ దిగదు. ప్లైలో ఐఎస్ 710 ముద్ర ఉన్నది మెరైన్ రకం, ఐఎస్ 303 ఉన్నది మామూలు రకం. ఒక్కసారి మోల్డు తీసి పక్కన పెట్టే ప్లగ్‌కు 303 చాలు. వర్షాకాలంలో షెడ్డు కారే అవకాశం ఉంటే 710 తీసుకోండి.

వంపులు చెక్కాలంటే గుమ్మడి టేకు బాగుంటుంది. పేరులో టేకు ఉన్నా అది వేరే చెట్టు, తేలిక, మెత్తన, ఆరాక పెద్దగా మెలితిరగదు. మామిడి చెక్క చవక, కానీ బాగా ఆరినది దొరకాలి. ప్యాకింగ్ పెట్టెల పైన్ కూడా పనికొస్తుంది, ముడులున్న చోట్లు కోసి పారేయండి. ముడిలోంచి జీడి ఊరి లప్పాన్ని పైకి లేపుతుంది. గుండ్రంగా లేత్ మీద తిప్పే చిన్న ప్లగ్‌లకు ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర దొరికితే అంతకన్నా హాయి లేదు.

చెక్క ఆరిందని ఎలా తెలుస్తుంది? డిపో వాళ్లు ఆరిందనే అంటారు కదా?

అంటారు. వాళ్ల లెక్కలో ద్వారబంధానికి సరిపడా ఆరింది. ప్లగ్‌కు 12 శాతం తేమ లోపు ఉంటే నిశ్చింత. సముద్రం గాలిలో బయట పెట్టిన చెక్క ఎంత కాలం ఉన్నా అంతకంటే కొంచెం పైనే ఆగుతుంది. ఎందుకంటే చెక్క ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలికి సరిపడా తేమను పట్టి ఉంచుకుంటుంది.

తేమ కొలిచే మీటరు లేకపోతే ఒక ఉపాయం ఉంది. పలక చివర కాకుండా మధ్య నుంచి చిన్న ముక్క కోసి, వంటింటి డిజిటల్ కాటా మీద తూయండి. దాన్ని ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, గంట గంటకీ తూస్తూ బరువు తగ్గడం ఆగే దాకా ఉంచండి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం. ముక్క 115 గ్రాముల నుంచి 100కి దిగితే 15 శాతం అన్నమాట.

ఇదంతా అవసరమా అంటే, లెక్క చూడండి. 300 మి.మీ. వెడల్పు పలకలో తేమ 4 శాతం మారితే అడ్డంగా 2 నుంచి 3 మి.మీ. దాకా కుంచించుకోవచ్చు, ఉబ్బొచ్చు. పొడవు మాత్రం దాదాపు మారదు. ప్లగ్ పూర్తయ్యాక అతుకు మీద వెంట్రుకంత గీత తేలడానికి కారణం ఇదే. అందుకే ఒకే వెడల్పాటి పలక కన్నా సన్న బద్దలు అతికించిన పలక నయం. బద్దల గుండ్రని వార్షిక రేఖలు ఒకటి పైకి, పక్కది కిందికి వచ్చేలా పేర్చితే మెలికలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

తుఫానుకు కూలిన చెట్ల కర్ర చవగ్గా వస్తుందని కొనేవాళ్లున్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా చెట్లు నేలకొరిగిన సంగతి తెలిసిందే. పచ్చి కర్ర పచ్చి కర్రే. అంగుళం మందం పలకలుగా కోసి, మధ్య మధ్య పుల్లలు పెట్టి, నీడలో నెలల తరబడి ఆరబెట్టే ఓపిక ఉంటేనే కొనండి.

ఏ నెలల్లో పని పెట్టుకోవాలి?

డిసెంబరు నుంచి మార్చి దాకా హాయిగా చేసుకోవచ్చు. నైరుతి వానలు, ఆ వెనకే అక్టోబరు, నవంబరు తుఫాన్లు ఉన్న రోజుల్లో వడ్రంగం పని చేసుకోండి గానీ పెయింటు, పీవీఏ (మోల్డు అంటుకోకుండా కొట్టే పలుచటి పొర), జెల్‌కోట్ పనులు ముసురు లేని రోజులకు ఆపుకోండి. మే నెలలో ఇంకో చిక్కు: రెజిన్ డబ్బాలోనే గట్టిపడిపోతుంది. ఆ నెలలో తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కే లోపు ముగించాలి.

వస్తువు ఎంత సైజు కావాలో ప్లగ్ అంతే చేయాలా?

మామూలు పనులకు అంతే. పాలిస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 6 నుంచి 8 శాతం కుంచించుకుంటుంది. లోపల ఉన్న గ్లాస్ మ్యాట్ దాన్ని పట్టి ఆపుతుంది కాబట్టి పొడవులో తేలే తేడా చాలా తక్కువ. అడుగు పొడవున్న మూతకు దీన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ ఒకదాంట్లో ఒకటి బిగుతుగా కూర్చునే భాగాలైతే, మూత తాలూకు మోల్డు తీసి, ఒక మూత చేసి, దాన్ని కొలిచాక పెట్టె ప్లగ్ మొదలుపెట్టండి. కాగితం మీద లెక్క కన్నా ఇది నమ్మకం. ఫైబర్ మందాన్ని కూడా మరవొద్దు. మోల్డు లోపలి ముఖం వస్తువుకు బయటి ముఖం అవుతుంది. మందమంతా లోపలి వైపుకే పెరుగుతుంది.

మోల్డు ఊడిరావాలంటే ప్లగ్ ఆకారంలో ఏం చూసుకోవాలి?

గోడలు నిట్టనిలువుగా ఉండకూడదు. ఇడ్లీ రేకు గుంటలు పైకి వెడల్పుగా ఉండబట్టే ఇడ్లీ విరగకుండా ఊడొస్తుంది, ఇక్కడా అంతే. ప్రతి నిలువు గోడకూ కనీసం 1 డిగ్రీ వాలు ఇవ్వండి, లోతు ఎక్కువైతే 2 నుంచి 3 డిగ్రీలు. 1 డిగ్రీ అంటే ప్రతి 100 మి.మీ. లోతుకు 1.75 మి.మీ. 300 మి.మీ. లోతున్న ఐస్ పెట్టెకు ఒక్కో గోడ దగ్గర 1 డిగ్రీకి 5 మి.మీ. పైచిలుకు, 3 డిగ్రీలకు 16 మి.మీ. దాకా వస్తుంది. ఇది కంటికి ఆనదు, కానీ ఊడతీసేటప్పుడు తెలుస్తుంది.

మూలలు పదునుగా వదలొద్దు. గ్లాస్ మ్యాట్ పదును మూల తిరగలేదు. అక్కడ లేచి నిలబడుతుంది, కింద గాలి బుడగ ఉండిపోతుంది. పైన జెల్‌కోట్ ఒక్కటే మిగిలి, మొదటి దెబ్బకే చిట్లుతుంది. కనీసం 3 మి.మీ., వీలైతే 6 మి.మీ. గుండ్రం ఇవ్వండి. లోపలి మూలల్లో లప్పం పెట్టి, తగిన సైజు పీవీసీ పైపు ముక్కతో లాగితే చక్కటి గుండ్రం వస్తుంది.

అంచు కూడా ఇప్పుడే ఆలోచించాలి. ప్లగ్‌ను దానికంటే అన్ని వైపులా 75 మి.మీ. పెద్దదైన, లామినేట్ అంటించిన పలక మీద బిగించండి. ఆ అదనపు జాగాలో మోల్డుకు అంచు వస్తుంది. అంచు లేని మోల్డు బలంగా ఉండదు, తీసేటప్పుడు పట్టుకోవడానికి చోటూ ఉండదు.

ఒక్క ముక్క మోల్డు సరిపోతుందా, రెండు ముక్కలు కావాలా?

ప్లగ్‌ను పై నుంచి నిలువుగా చూడండి. పైన కనిపించే భాగం కింద ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయి, పై నుంచి కంటికి కనబడని చోటు ఉంటే ఒక్క ముక్క ఊడదు. తెప్ప ముక్కు, పడవ వెనక భాగం లోపలికి వాలిన చోట ఇది తరచుగా వస్తుంది. అప్పుడు విడదీసే గీత దగ్గర పలుచటి పలక నిలబెట్టి ఒక సగం వేయాలి. అది గట్టిపడ్డాక పలక తీసి, ఆ అంచుకు మైనం పట్టించి రెండో సగం వేయాలి. పలక మీద రెండు మూడు చోట్ల గోళీ సగమంత గుబ్బలు అంటిస్తే, తర్వాత రెండు సగాలూ ప్రతిసారీ అదే చోట కూర్చుంటాయి. బోల్టు రంధ్రాలు రెండు సగాలూ కలిపి ఉండగానే వేయండి.

పడవ లాంటి పెద్ద ఆకారం చెక్కతో ఎలా తెస్తారు?

దుంగను చెక్కి కాదు. గీసిన డిజైన్‌ను అడ్డంగా కోసినట్టు ప్రతి 300 మి.మీ.కి ఒక ప్లై అచ్చు కోసి, నేరుగా ఉన్న దూలం మీద తలకిందులుగా వరసగా నిలబెడతారు. వాటి మీద పొడవాటి బద్దలు పరిచి అతికిస్తారు. బద్దల మందం అచ్చుల సైజు నుంచి ముందే తీసేయాలి, లేకపోతే పడవ లావెక్కుతుంది.

మొదట ఒక సన్న బద్దను ఊరికే అచ్చుల మీద వంచి, చివర కన్ను పెట్టి చూడండి. వంపులో ఎక్కడైనా గతుకు కనిపిస్తే ఆ అచ్చు తప్పు. ఈ చూపు యంత్రం కన్నా బాగా పట్టేస్తుంది. కోరంగి, తాళ్లరేవు వైపు పడవలు కట్టే వడ్రంగులకు ఇది చెప్పక్కర్లేదు. పెద జాలరిపేట ఒడ్డున వరసగా ఉండే ఫైబర్ తెప్పల్లాంటిది చేయాలనుకుంటే, అలాంటి పాత చేతిని ఒకరోజైనా పిలిపించి బద్ద వంపు చూపించుకోండి. కూలి వృథా కాదు.

బద్దలు పట్టి ఉంచడానికి ఇనప మేకులు కొట్టి వదిలేయకండి. మన గాలికి లప్పం కింద తుప్పు ఉబ్బి పొక్కు లేస్తుంది. అతుకు ఆరాక పీకేయండి, లేదా స్టీలు స్క్రూలు వాడి తలలు లోపలికి దించండి. అతుకులకు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) మేలు. మామూలు తెల్ల జిగురు, మోల్డు వేసేటప్పుడు పుట్టే వేడికి కొంచెం జరుగుతుంది.

లప్పం ఏది పెట్టాలి? గోడ పుట్టీ, ఎన్సీ పుట్టీ ఉన్నాయి కదా?

రెండూ వద్దు. ఎక్కువ ప్లగ్‌లు పాడయ్యేది ఇక్కడే. పాలిస్టర్ రెజిన్‌లో, జెల్‌కోట్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది. ఎన్సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ, ఎన్సీ లక్క, మామూలు ఎనామెల్ పెయింటు దానికి తట్టుకోవు. పైకి గట్టిగా కనిపిస్తాయి. జెల్‌కోట్ పడగానే మెత్తబడి, ముడతలు పడి, మైనాన్ని కూడా తినేసి మోల్డుకు అంటుకుపోతాయి. గోడ పుట్టీ సిమెంటు రకం, చెక్క కొంచెం కదిలినా పెళుసుగా రాలుతుంది.

కార్ల డెంటింగ్ పనికి వాడే, హార్డనర్ కలిపి పెట్టే పాలిస్టర్ పుట్టీ తీసుకోండి. గాజువాక ఆటోనగర్‌లో బాడీ పెయింటర్లను అడిగితే ఎక్కడ కొంటారో చెబుతారు. ఎక్కువ కావాలంటే పాలిస్టర్ రెజిన్‌లో సుద్దపొడి లాంటి టాల్కమ్ కలిపి సొంతంగా చేసుకోవచ్చు. అయితే ముందు చెక్కకు సీలు వేయాలి. పలుచటి ఎపాక్సీ లేదా రెజిన్ రెండు మూడు పూతలు, లోపలి వైపు కూడా. ఒక వైపే వేస్తే రెండో వైపు నుంచి తేమ తాగి పలక దోనెలా వంగుతుంది. పెద్ద ప్లగ్ అయితే సీలు మీద ఒక పలుచటి గ్లాస్ పొర వేసేస్తే కింది అతుకులు పైకి తేలవు.

చదును భాగాలకు లప్పం పని తగ్గించుకునే దారి ఒకటుంది: నిగనిగలాడే సన్‌మైకా షీటు అంటించేయడం. దాని మీద మైనం పట్టిస్తే మోల్డు అద్దంలా ఊడొస్తుంది.

పైన ఏ పెయింటు? ఎన్నో నంబరు ఎమరీ పేపరు దాకా రుద్దాలి?

రెండు భాగాలు కలిపే పాలీయురేథేన్ లేదా ఎపాక్సీ రకం పెయింటు. వేశాక వారం రోజులు వదిలేయండి. లోపల ద్రావకం మిగిలి ఉండగా మైనం పెడితే అది తర్వాత పొక్కులుగా బయటపడుతుంది.

చెక్క, లప్పం దశలో 80, 120, 180, 220. ప్రైమరు మీద 320, 400. పై పెయింటు మీద నీళ్లతో 600, 800, 1000, 1200, ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్. నంబరు దాటేయకండి. 80 గీతలను 400 తీయలేదు, వాటి అంచులను మెరిపిస్తుంది అంతే. చేత్తో పట్టి కాకుండా అడుగున్నర పొడవు చెక్కకు పేపరు అంటించి ఏటవాలుగా రుద్దండి. చేత్తో రుద్దితే వేళ్ల కింద గుంటలు పడతాయి. నల్ల స్ప్రే పెయింటు పలుచగా దుమ్ములా కొట్టి రుద్దితే, నలుపు మిగిలిన చోటే గుంట. రాత్రి పూట ట్యూబ్‌లైటు పక్క నుంచి పెట్టి చూస్తే పగలు దాక్కున్న అలలన్నీ కనిపిస్తాయి.

మైనం ఎన్ని పూతలు? పీవీఏ బదులు ఫెవికాల్ రాయొచ్చా?

వద్దే వద్దు. మోల్డు విడదీయడానికి వాడే పీవీఏ పాలీవినైల్ ఆల్కహాల్, నీళ్లలో కరిగే పలుచటి పొర. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పాలీవినైల్ ఎసిటేట్. ఇంగ్లీషు పొట్టి పేరు ఒకటే, పని పూర్తిగా ఉల్టా.

కొత్త ప్లగ్‌కు కార్నూబా మైనం 6 నుంచి 8 పూతలు. ప్రతి పూతా పట్టించి, మబ్బుగా మారాక మెత్తటి బట్టతో మెరిసే దాకా తుడిచి, గంట ఆగి తర్వాతది. చివరి పూత తర్వాత ఒక రాత్రి వదిలేయండి. కార్ల షాపు మైనం కొంటే సిలికాన్ లేనిదో కాదో చూడండి, సిలికాన్ ఉంటే పైన వేసేది చేప కళ్లలా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. మొదటి మోల్డుకు మైనం మీద పీవీఏ కూడా కొట్టండి. ముసురు రోజున అది ఆరదు, ఆరినట్టు కనిపిస్తుంది. వేలితో తాకి చూశాకే ముందుకు వెళ్లండి.

థర్మాకోల్‌తో చేస్తే తేలిక కదా?

స్టైరీన్ తగిలితే థర్మాకోల్ కళ్లెదుటే కరిగిపోతుంది. ఎపాక్సీతో మొత్తం కప్పగలిగితేనే వాడండి.

ప్లగ్ మీద మోల్డు ఎంత మందం వేయాలి?

వస్తువు మందానికి రెండు మూడు రెట్లు. చిన్న మూతకైనా 8 మి.మీ. ఉండాలి. ముందు టూలింగ్ జెల్‌కోట్ (మోల్డుల కోసమే చేసే రకం) రెండు పూతలు, మొత్తం 0.8 మి.మీ. దాకా. పలుచగా పడితే పైన వేసే రెజిన్ దాన్ని ముడతలు పెట్టేస్తుంది. జెల్‌కోట్ వేలికి ఊడి రాకుండా, తాకితే మాత్రం జిగురుగా ఉన్న దశలో చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మ్యాట్ ఒక పొర వేసి, బుడగలు లేకుండా రోలరుతో నొక్కి, రాత్రంతా వదిలేయండి. తర్వాత 450 గ్రాముల మ్యాట్ పొరలు, రోజుకు రెండు మూడు. ఒక్కో పొర దాదాపు 1 మి.మీ. వస్తుంది. చదరపు మీటరు మోల్డుకు 300ది ఒకటి, 450వి ఏడు వేస్తే గ్లాసు మూడున్నర కిలోలు, రెజిన్ సుమారు 8 కిలోలు. ఒకే రోజు అన్నీ వేస్తే పుట్టే వేడికి మోల్డు వంకర పోతుంది, ఆ వేడి చెక్కలోని తేమను కూడా పైకి లాగుతుంది.

కోబాల్ట్ (గట్టిపడే పనిని వేగం చేసే మందు), హార్డనర్ విడిగా ఇచ్చారు. రెండూ కలిపి పోయొచ్చా?

ఎప్పుడూ వద్దు. రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలపాలి. ఆ తర్వాతే హార్డనర్, వేరే పుల్లతో. సీసాలు ఒకే అరలో పెట్టకండి. హార్డనర్ సాధారణంగా రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. మన ఎండలకు 1 దగ్గరే మొదలుపెట్టి, చిన్న కప్పులో కలిపి చూసుకోండి.

స్టైరీన్ ఆవిరి 31 డిగ్రీల దగ్గరే నిప్పందుకోగలదు. విశాఖలో ఏడాదిలో చాలా మధ్యాహ్నాలు అంత వేడి ఉంటుంది. షెడ్డులో బీడీ, వెల్డింగు, గ్రైండరు నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు. గుడ్డ మాస్కు దుమ్మును కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరిని వడగట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కొనుక్కోండి. హార్డనర్ చుక్క కంట్లో పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఉండి, ఆపైన కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. కళ్లద్దాలు పెట్టుకోవడం అంతకన్నా సులువు.

మోల్డు ఎప్పుడు తీయాలి? ఊడకపోతే?

వారం ఆగండి, రెండు వారాలైతే ఇంకా మంచిది. గట్టిపడే పని పూర్తిగా ముగిసేది ప్లగ్ మీద ఉండగానే అయితే ఆకారం నిలుస్తుంది. వెనక ఇనప ఫ్రేమో, ప్లై పక్కటెముకలో అంటించేది కూడా తీయక ముందే.

తీసేటప్పుడు చెక్క లేదా ప్లాస్టిక్ చీలలు అంచు చుట్టూ కొంచెం కొంచెంగా దూర్చండి. స్క్రూడ్రైవరు ఒక్కసారి గుచ్చితే ఆ గుర్తు మోల్డు బతికినన్నాళ్లూ ఉంటుంది. కదలకపోతే సందులోకి నీళ్లు వదలండి, పీవీఏ కరిగి దారి ఇస్తుంది. రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి, కంప్రెసర్ గాలి ఉంటే ఊదండి. ఒక చోట చిటపటమని ఊడిన శబ్దం వస్తే కంగారు పడొద్దు, అది మంచిదే. అప్పటికీ రాకపోతే ప్లగ్‌ను వెనక నుంచి కోసి ముక్కలుగా లాగేయండి. ఆ దశలో కాపాడుకోవలసింది మోల్డు.

ప్లగ్ బాగానే ఊడింది. దాచుకోవాలా?

పైపూత చెక్కుచెదరకపోతే దాచుకోండి. మోల్డు అరిగినా, పగిలినా రెండోది తీయడానికి పనికొస్తుంది. నీళ్లు వాడి తీశారు కాబట్టి ముందు తుడిచి, నీడలో ఆరనిచ్చి, ఒక పూత మైనం పట్టించండి. పాలిథీన్‌లో గట్టిగా చుట్టకండి, లోపల చెమ్మ ఊరి చెక్క పాడవుతుంది. పాత దుప్పటి కప్పి, నేలకు ఆనకుండా రెండు దిమ్మల మీద, అంచు మొత్తానికీ ఆనిక ఉండేలా పెట్టండి.